పక్క మడిలో మొలిచిన ఇంగ్లీషు

ఇంగ్లీషు పరీక్షలకు తయారయ్యే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న. "రోజుకు ఎన్ని మాటలు నేర్చుకోవాలి సార్?" నేను ఒకటే జవాబు చెప్తాను. "మాటల సంగతి తర్వాత. ముందు ఇంగ్లీషు రాని మనిషిని ఒకరిని వెతుక్కోండి." ముసలాయన వేళాకోళం చేస్తున్నాడనుకొని నవ్వి వెళ్లిపోతారు. వేళాకోళం కాదు. నాకు ఇంగ్లీషు చదవడం నేర్పిన మనిషికి ఇంగ్లీషు ఒక్క అక్షరం రాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను మంథని హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పేవాడిని. మాది సుల్తానాబాద్. మా నాన్న, బాపు అంటాం, మగ్గం నేసేవాడు. నా చదువు బీఏ, బీఎడ్ దాకా ఉర్దూలోనే సాగింది. నిజాం ప్రభుత్వం పోయాక బడుల్లోకి తెలుగు వచ్చింది, ఆఫీసుల్లోకి ఇంగ్లీషు వచ్చింది. విందు అయిపోయాక వచ్చిన చుట్టంలా నేను రెంటికీ ఆలస్యమయ్యాను. తెలుగులో పాఠం చెప్పడం పిల్లలకు చెప్తూ చెప్తూనే నేర్చుకున్నాను. ఇంగ్లీషు నేర్పే దిక్కు మాత్రం లేదు.

నాకేమో ఎం.ఎడ్. చదవాలని ఉండేది. ఆ చదువుంటే ఉపాధ్యాయులను తయారుచేసే కళాశాలలో లెక్చరర్ కావచ్చు. పనిలో ఉన్న టీచర్లను జీతమిచ్చి ఆ చదువుకు పంపే పద్ధతి ఉండేది గానీ దానికి వయసు హద్దు ఉంది. నా లెక్క ప్రకారం రెండు అవకాశాలే మిగిలాయి. విశ్వవిద్యాలయంలో ప్రవేశ పరీక్ష రాయాలి. మిగతా పేపర్లంటే భయం లేదు. ఇంగ్లీషు పేపరే గుండెల్లో రాయి. పొడుగాటి పాఠం ఒకటి ఇచ్చి, కింద ప్రశ్నలు, మాటలకు అర్థాలు అడుగుతారు. అది గట్టెక్కితే ప్రొఫెసర్ల ముందు మౌఖిక పరీక్ష.

మొదటిసారి నేను పట్టిన దారి నిఘంటువు. జేబులో పట్టే నిఘంటువు ఒకటి కొని మొదటి అక్షరం నుంచి బట్టీ పట్టడం మొదలుపెట్టాను. ఇంగ్లీషు మాట ఎడమ నుంచి కుడికి రాసేవాడిని. నాకు చదువు చెప్పిన భాష ఉర్దూ కాబట్టి అర్థం కుడి నుంచి ఎడమకు రాసేవాడిని. రెండూ కాగితం నడుమ వచ్చి గుద్దుకునేవి. పెద్దపల్లి బస్సులో కూర్చున్నా, గోదావరి ఒడ్డున నడుస్తున్నా పెదవులు కదులుతూనే ఉండేవి. మా ఆవిడ విసుక్కునేది.

"గా బుక్కు జర పక్కకు పెట్టి బువ్వ తినుండ్రి. మంత్రం ఏస్తున్నరేమోనని పక్కింటోళ్లు పరేషాన్ అయితున్నరు."

ఆ మంత్రం పారలేదు. ఇంగ్లీషు పేపరులోనే తప్పాను. తప్పానని తెలిసినప్పుడు కలిగిన బాధ కంటే, ఎలా తప్పానో తెలిసినప్పుడు కలిగిన సిగ్గు పెద్దది.

అది మా బడిలో ఇంగ్లీషు చెప్పే టీచరమ్మ వల్ల తెలిసింది. ఆమె మిషను హాస్టల్లో పెరిగిన మనిషి. ధర్మపురి పక్కన కూలినాలి చేసుకునే క్రైస్తవ కుటుంబం వాళ్లది. నాకంటే ఒకటి రెండేళ్లు చిన్న. బీఏ, బీఎడ్ చేసి అప్పుడే మా బడికి వచ్చింది. పరీక్షలో ఏమిచ్చారని అడిగితే, గుర్తున్న ఒక వాక్యం చెప్పాను. 'బట్ ఫర్ ది కెనాల్' అని మొదలై, ఊరు నాశనమయ్యేదని ముగుస్తుంది.

"మీరేం రాసిండ్రు సార్?"

"కాలువ వల్ల ఊరు నాశనమైందని రాసిన."

ఆమె నవ్వు ఆపుకోవడానికి పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కాలువ లేకుంటే ఊరు నాశనం అయ్యేదని దానర్థం. ఊరును బతికించిందే కాలువ సార్."

ఆ వాక్యంలో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు. అన్నీ నేను బట్టీ పట్టినవే. మాటలన్నీ తెలిసి కూడా మాట తెలియలేదు.

టీచర్ల గదిలో ఆ మూల కిటికీ దగ్గర మా తెలుగు పండితులు కూర్చొని ఉన్నారు. అందరం పంతులుగారు అనేవాళ్లం. మంథని అగ్రహారం మనిషి. సంస్కృతం, తెలుగు నాలుక మీద ఆడేవి. నడివయసు దాటింది. నిష్ఠాపరుడు. బడిలో మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు. సాయంత్రం ఇంటికి పోయి స్నానం చేశాకే ఏదైనా. ఆయన మా మాటలన్నీ విన్నారు. టీచరమ్మ వెళ్లిపోయాక నన్ను పిలిచారు.

"ఏమయ్యా, నువ్వు వాక్యం చదువుతున్నవా, మాటలు ఏరుకుంటున్నవా?"

నేను నిఘంటువు మూసి జేబులో పెట్టుకున్నాను.

"రేపటి నుంచి బడి విడిచినంక నా దగ్గర కూసో. ఇంగ్లీషుల చదువు. నాకు తెలుగుల చెప్పు."

"పంతులుగారూ, మీకు ఇంగ్లీషు రాదు గదా!"

"రాదు గనుకనే చెప్తున్న. ఇంగ్లీషు వచ్చినోని ముందర సగం చెప్పి తప్పించుకోవచ్చు. మిగిలిన సగం వాడే నింపుకుంటడు. నా ముందర తప్పించుకోలేవు. నాకు సమజైతే నీకు వచ్చినట్టు. నాకు కాకుంటే నీకు రానట్టు."

మర్నాడు సాయంత్రం బడి వరండాలో బల్ల వేసుకొని కూర్చున్నాం. ముందురోజు ఇంగ్లీషు పత్రిక మధ్యాహ్నం బస్సులో మంథనికి చేరేది. అదే మాకు పాఠ్యపుస్తకం. నేను ఒక వాక్యం చదవగానే ఆయన చెయ్యెత్తి ఆపేవారు.

"క్రియ ఏది?"

నేను వెతికి చెప్పేవాడిని.

"చేసినోడు ఎవడు? దేన్ని చేసిండు? ఎప్పుడు? ఎందుకు?"

సంస్కృత శ్లోకానికి అన్వయం చెప్పే పద్ధతి అది. శ్లోకంలో మాటలు ఎక్కడెక్కడో పడి ఉంటాయి. ముందు క్రియను పట్టుకొని, ప్రశ్న వెంట ప్రశ్న వేస్తూ ఒక్కొక్క మాటను దాని చోటికి తెచ్చి కూర్చోబెడతారు. ఆయన చిన్నప్పటి నుంచి చేసిన పని అదే. ఇంగ్లీషు వాక్యమైనా ఆయన దృష్టిలో వాక్యమే. దానికి క్రియ ఉండి తీరాలి, క్రియకు కర్త ఉండి తీరాలి.

మొదటి రోజుల్లో నా అవస్థ చెప్పనలవి కాదు. ఒక వార్తలో ప్రభుత్వం వంతెన ఖర్చును 'బేర్' చేస్తుందని, అంటే భరిస్తుందని, ఉంది. నా నిఘంటువులో ఆ మాటకు మొదటి అర్థం ఎలుగుబంటి. నేను గంభీరంగా అదే చెప్పాను.

పంతులుగారు కాసేపు ఆలోచించారు. "మహాదేవపూర్ అడవులల్ల గుడ్డెలుగులు ఉంటయని తెలుసు. సర్కారు ఖర్చుల గుడ్డెలుగు ఎట్ల జొచ్చిందయ్యా?"

"తెల్వదు పంతులుగారూ."

"అయితే ఆ అర్థం గాదు. వాక్యంల ఇమడని అర్థాన్ని బయటికి పంపు. అడుగు టీచరమ్మను."

'అడుగు టీచరమ్మను' అన్న మాట గురించి కొంచెం చెప్పాలి. ఆమె ఆ వరండాలోనే ఇంకో చివర పిల్లల కాపీలు దిద్దుకుంటూ ఉండేది. అయినా పంతులుగారు ఆమెతో నేరుగా మాట్లాడేవారు కాదు. ప్రశ్న నాతో చెప్పేవారు. నేను ఆమెను అడిగేవాడిని. ఆమె నాతో చెప్పేది. నేను మళ్లీ ఆయనకు చెప్పేవాడిని. ముగ్గురికీ ముగ్గురి మాటలూ వినిపిస్తూనే ఉండేవి. అది ఆమె మీద కోపం కాదు. ఆ ఊళ్లో, ఆ వీధిలో తరతరాలుగా వచ్చిన అలవాటు. ఆమె మాత్రం ఊరుకునే మనిషి కాదు. ఒకరోజు నాతో, కొంచెం గట్టిగానే అన్నది.

"సార్, పంతులుగారికి చెప్పుండ్రి. దేవుడు నాకు గూడ రెండు చెవులు ఇచ్చిండని."

పంతులుగారు పత్రికలోకి చూస్తూ ఉండిపోయారు. నేను ఆ మాట మోసుకెళ్లలేదు. మోసుకెళ్లాల్సిన దూరం కూడా లేదు.

ఇలా వర్షాకాలం వచ్చింది. ఆ రోజుల్లో బ్లాకు ఆఫీసు నుంచి వరి సాగు మీద కొత్త పద్ధతుల కరపత్రాలు వచ్చేవి. మంథని చుట్టూ అంతా వరి. కరపత్రాలేమో ఇంగ్లీషులో. ఎవరి కోసం అచ్చేశారో అచ్చేసినవాళ్లకే తెలియాలి. పంతులుగారికి ఊరి బయట కొద్దిగా పొలం ఉంది. పాలుకు చేసే రైతు ఒకాయన దాన్ని చూసుకునేవాడు. కరపత్రం చూడగానే పంతులుగారికి ఉత్సాహం వచ్చింది.

"పత్రికల రాజుల సంగతులు చాలు. గిది చదువు. మనకు పనికొస్తది."

ఆ వారం టీచరమ్మ తమ్ముడి పెళ్లికని ఊరికి పోయింది. అడగడానికి మనిషి లేదు. అయినా అప్పటికి నాకు కొంచెం ధైర్యం వచ్చి ఉంది. చదివాను. ఉప్పులా తెల్లగా ఉండే కొత్త ఎరువు ఒకటి వచ్చింది. దాన్ని ఎలా చల్లాలో రాశారు. 'అన్‌లెస్' అనే మాట దగ్గర నేను ఆగాల్సింది. ఆగలేదు. మడిలో నీళ్లు తీసేసి ఎరువు చల్లకూడదు అని చెప్పాను. పంతులుగారు క్రియ అడిగారు, చెప్పాను. కర్తను అడిగారు, చెప్పాను. అన్నీ సరిగ్గా కుదిరినట్టే ఉన్నాయి. ఆయన రైతును పిలిచి నేను చెప్పినట్టే చెప్పారు.

రైతు మడి నిండా నీళ్లు పెట్టి ఎరువు చల్లాడు. మర్నాడు వాన దంచికొట్టింది. నీళ్లు గెట్టు దాటి దిగువ మడిలోకి పోయాయి. ఎరువూ వాటితోనే పోయింది. పది పదిహేను రోజులు గడిచాక రైతు బడికే వచ్చాడు.

"అయ్యా, జర వచ్చి చూడుండ్రి. మన వరి ఎట్లున్నది అట్లనే ఉన్నది. మన మందు తిని పక్కోని వరి నల్లగ బలిసింది. వాడు నన్ను చూసి దండం పెడుతున్నడు."

పంతులుగారు లేచారు. కరపత్రం చేతిలోకి తీసుకున్నారు. నా వైపు చూడలేదు. వరండా పొడుగునా నడిచి, ఆ చివర కాపీలు దిద్దుకుంటున్న టీచరమ్మ ముందు నిలబడ్డారు.

"అమ్మా, ఇందుల ఏమున్నదో నువ్వు చెప్పు."

ఆమె చప్పున లేచి నిలబడింది. కరపత్రం తీసుకోబోయి, ఆయన చేతికి తన చెయ్యి తగులుతుందని కాబోలు ఆగింది. ఆయన కాగితం ఆమె చేతికే ఇచ్చారు. ఆమె ఒకసారి నా ముఖం చూసి, చదివింది.

"మడిల నిలిచిన నీళ్లు తీసినంకనే మందు చల్లాలె, తియ్యకుంటే చల్లొద్దని ఉన్నది పంతులుగారూ."

ఆయన కోప్పడతారని చూస్తున్నాను. ఆయన నా దగ్గరికి వచ్చి, ముందు పెదవులతో, తర్వాత పొట్ట పట్టుకొని నవ్వారు.

"నీ ఇంగ్లీషు నా మడిల మొలుస్తదనుకుంటే, పక్కోని మడిల మొలిచిందయ్యా!"

నష్టం మాట ఆ తర్వాత ఆయన ఎత్తలేదు. నేను క్షమించమంటే, "నువ్వొక్కనివే తప్పు జేసినవా? నేను గూడ ఒక ప్రశ్న మరిచిపోయిన. 'ఎప్పుడు' అని అడిగిన గని, 'ఏమైతే', 'ఏం గాకుంటే' అని అడగలే. రేపటి నుంచి అది గూడ అడుగుదాం," అన్నారు. పెద్దల దగ్గర చదువుకున్నానని నేను చాలామంది గురించి చెప్పుకుంటాను. తప్పులో సగం తన మీద వేసుకున్న గురువు మాత్రం ఆయన ఒక్కరే.

మర్నాటి నుంచి టీచరమ్మ కుర్చీ మా బల్ల దగ్గరికి వచ్చింది. ఎవరు జరిపారో నాకు తెలియదు. పంతులుగారు ఆమెనే అడిగేవారు, ఆమె ఆయనకే చెప్పేది. ఇద్దరూ కలిసి నన్ను దున్నేవారు. అర్థం తప్పితే ఆమె పట్టుకునేది, అన్వయం తప్పితే ఆయన పట్టుకునేవారు. తప్పించుకునే సందు లేదు.

ఊరు మాత్రం ఊరుకోలేదు. ఒక పొద్దున గోదావరి స్నానాల దగ్గర ఎవరో ఆయనను అడిగారట. "మిషనామెతోని కూసోని ఇంగ్లీషు నేర్చుకుంటున్నవట, నిజమేనా?" ఆ సంగతి ఆయనే మాతో చెప్పారు.

"మీరేమన్నరు?" అని అడిగాను.

"'నేర్చుకుంటలేను, వింటున్న' అని అన్న."

ఆ నెలలో వాళ్ల వీధిలోనే ఒక ఇంట్లో పితృకార్యానికి, ఎప్పుడూ పిలిచే మనిషిని, ఆయనను పిలవలేదు. ఇది ఆయన చెప్పలేదు. ఊరు చెప్పింది. ఆ మరుసటి సాయంత్రం టీచరమ్మ తన కుర్చీ తీసుకొని మళ్లీ వరండా చివరికి పోబోయింది.

"నా వల్ల మీకు మాట రావద్దు పంతులుగారూ. నేను గక్కడినుంచే చెప్త."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేను ఇంటికి పోయి స్నానం చేస్తనే ఉన్న తల్లీ. నా నియమం నేను విడువలే. వాళ్లకు అది చాలకుంటే వాళ్ల ఫికర్ వాళ్లది. కూసో. ఇయ్యాల పాఠం పెద్దగున్నది."

ఆమె కాసేపు కుర్చీ వీపు పట్టుకొని నిలబడింది. తర్వాత కూర్చుంది. ఆయన మారిపోయారని నేను గొప్పలు చెప్పను. స్నానం మానలేదు, బడిలో నీళ్లు ముట్టలేదు. కానీ ఆ బల్ల దగ్గరి నుంచి లేవలేదు. దానికి ఆ ఊళ్లో ఎంత నిబ్బరం కావాలో, అక్కడ పుట్టనివాళ్లకు చెప్పినా అర్థం కాదు.

రెండో పరీక్ష వచ్చింది. హైదరాబాదులో రాత పేపరు ఈసారి గట్టెక్కింది. తీరం దగ్గర పడవ ఇసుకలో ఒరుసుకున్నట్టు గట్టెక్కింది, అంతే. అసలు కథ మౌఖికంలో.

గదిలో ముగ్గురు కూర్చొని ఉన్నారు. నడుమ ఉన్నాయన ఇంగ్లీషు ప్రొఫెసరు. మాటతీరును బట్టి కోస్తా వైపు మనిషి. ఆయన పక్కన షేర్వానీలో ఒక పెద్దాయన. ఉర్దూలో చదువు చెప్పిన పాతకాలపు ఆచార్యుడని చూడగానే తెలిసిపోయింది. ఒక కాగితం నా చేతికిచ్చి చదవమన్నారు.

చలిదేశాల్లో చెరువులు గడ్డకట్టినప్పుడు ఆ మంచును కోసి, ఓడల్లో వేడిదేశాలకు పంపి అమ్మేవాళ్లట. దాని గురించిన పాఠం. నేను పైకి చదివాను. నా ఉచ్చారణ నాకే వినసొంపుగా లేదు. ఉర్దూ యాసలో, ప్రతి మాటా తడుముకుంటూ చదువుతుంటే మూడో ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. చదవడం అయ్యాక ప్రొఫెసరు ఇంగ్లీషులో, "ఇప్పుడు దీని సారాంశం చెప్పండి," అన్నారు.

నోరు తెరిచాను. రాలేదు. పాఠం కళ్ల ముందు స్పష్టంగా ఉంది. ఇంగ్లీషు మాటలు మాత్రం గొంతు దాటలేదు. ఇదే చివరి అవకాశమని, బాపు మగ్గం మీద వంగి పని చేస్తూ నా కబురు కోసం చూస్తుంటాడని గుర్తొచ్చింది.

షేర్వానీ పెద్దాయన మెల్లగా ఉర్దూలో అన్నారు. "బేటా, ఏ జబాన్‌లో వస్తే ఆ జబాన్‌లో చెప్పు." ప్రొఫెసరు ఆయన వైపు చూసి, ఒక్క క్షణం ఆగి, తల ఊపారు.

చదువంతా ఉర్దూలో సాగింది కదా, ఉర్దూలోనే చెప్తాననుకున్నాను. నోరు తెరిస్తే తెలుగు వచ్చింది. అన్ని సాయంత్రాలు ఒక మనిషికి అర్థమయ్యేలా చెప్పిన తెలుగు. మొదట మంచు వ్యాపారం చేస్తానన్న మనిషిని చూసి వర్తకులు ఎందుకు నవ్వారో చెప్పాను. నీళ్లను ఓడకెత్తి ఎండలోకి పంపితే మిగిలేది ఓడేనని వాళ్లు అనుకున్నారు. అతను మంచు చుట్టూ వడ్రంగి రంపం కోసినప్పుడు రాలే పొట్టు నింపాడు. అది లేకపోతే దారిలోనే అంతా కరిగిపోయేది. ఎవరు, ఏమి, ఎందుకు, ఏం కాకుంటే ఏమయ్యేదో, ఒక్కటీ వదలకుండా చెప్పాను. కిటికీ వైపు చూస్తున్నాయన ఎప్పుడు ఇటు తిరిగాడో గమనించలేదు.

ప్రొఫెసరు తెలుగులోనే అడిగారు. "మీరు చదివిన తీరు చూసి మీకేమీ అర్థం కాలేదనుకున్నానండీ. 'సాడస్ట్' అంటే రంపపు పొట్టని మీకు ముందే తెలుసా?"

"తెలియదు సార్."

"మరి ఎలా చెప్పారు?"

"వాక్యం చెప్పింది సార్. కొయ్య కోసేచోట ఊరికే పారేస్తారని ఉంది. తేలిగ్గా ఉంటుందని, చలువను పోనివ్వదని ఉంది. వేరే ఏదీ అక్కడ ఇమడదు."

ఆయన షేర్వానీ పెద్దాయన వైపు చూశారు. ఇద్దరూ ఏదో చిన్నగా మాట్లాడుకున్నారు. "మాట్లాడటం ఇక్కడ నేర్చుకుంటారు లెండి. చదవడం వచ్చింది కదా," అన్నారు ప్రొఫెసరు. చేరాక సాయంత్రం ఇంగ్లీషు క్లాసులకు తప్పక రావాలన్న షరతుతో సీటు ఇచ్చారు. నేను ఆ చదువు ముగించి లెక్చరర్‌నయ్యాను, రిటైరయ్యేదాకా టీచర్లను తయారుచేసే పనిలోనే ఉన్నాను. ఆ ముగ్గురు నన్ను ఇంగ్లీషులోనే చెప్పమని పట్టుబట్టి ఉంటే నా జీవితం ఇంకోలా ఉండేది. వాళ్లు పట్టుబట్టలేదు. ఆ ఉపకారం నేను మరిచిపోలేదు. నా విద్యార్థులు తడబడినప్పుడల్లా, 'ఏ భాషలో వస్తే ఆ భాషలో చెప్పు' అనడం వాళ్లనుంచే నేర్చుకున్నాను.

సీటు వచ్చిన కబురుతో మంథనికి తిరిగొచ్చిన సాయంత్రం గురించి చెప్పి ముగిస్తాను. పెద్దపల్లిలో రైలు దిగి, బస్సు పట్టుకొని, ఇంటికి కూడా పోకుండా నేరుగా బడికి నడిచాను. బడి విడిచారు. పిల్లలెవరూ లేరు. వరండాలో బల్ల దగ్గర ఎప్పటిలాగే ఇద్దరూ కూర్చొని ఉన్నారు. టీచరమ్మ చేతిలో పత్రిక ఉంది. నేను కూర్చునే చోట ఆమె కూర్చుంది. ఒక పెద్ద వాక్యం చదివి, దాన్ని తెలుగులో విడమరిచి చెప్తోంది. వచ్చే ఏడు తను కూడా అదే పరీక్ష రాయాలని నిశ్చయించుకుందని, అందులో నాకంటే ఎన్నో రెట్లు మంచి మార్కులు తెచ్చుకుంటుందని అప్పుడు నాకు తెలియదు. పంతులుగారు కళ్లు మూసుకొని వింటున్నారు.

"పంతులుగారూ!" అని మెట్ల మీదినుంచే కేకేశాను.

ఆయన కళ్లు తెరవకుండానే చెయ్యెత్తారు.

"జర ఆగయ్యా. అమ్మ వాక్యం ఇంకా పూర్తి గాలే."

నేను మెట్ల మీద కూర్చున్నాను. వాక్యం చాలా పొడుగ్గా ఉంది.